చిన్న విమానంలో జనరేటర్, ఆల్టర్నేటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పైలట్ శిక్షణ కేంద్రాల కోసం 2022లో ఎంపిక చేసిన విమానాశ్రయాల జాబితాలో కడప చేరినప్పటి నుంచి మా జిల్లాలో విమానాల మీద ఆసక్తి పెరిగింది. లైసెన్సు పరీక్షలకు చదివే పిల్లలకు నేను కడపలో విద్యుత్ పాఠాలు చెబుతుంటాను. అనంతపురం, కర్నూలు నుంచి కూడా ఫోను చేసి అడుగుతుంటారు. వారిలో ఇంజనీరింగ్ చదివినవారు ఉంటారు, నాన్న ట్రాక్టర్ విప్పుతుంటే పక్కన స్పానర్ పట్టుకుని నిలబడి నేర్చుకున్నవారూ ఉంటారు. నిజం చెప్పాలంటే రెండో రకం వారి ప్రశ్నలే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తాయి. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఒకచోట చేర్చి రాసిన జవాబులు ఇవి.

ఇక్కడ చిన్న విమానం అంటే ఒకే పిస్టన్ ఇంజిన్, రెండు నుంచి నాలుగు సీట్లు ఉన్నది. సెస్నా 152, సెస్నా 172, పైపర్ చెరోకీ వంటివి. మీ విమానం మాన్యువల్ ఇంకోలా చెబితే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

రెండూ కరెంటు పుట్టించేవే కదా. అసలు తేడా ఎక్కడుంది?

ఏ భాగం తిరుగుతుందన్న దగ్గర. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలినా, తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలినా కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. జనరేటర్‌ది మొదటి దారి. దాని ఫీల్డు కాయిళ్లు, అంటే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే చుట్టలు, బయటి గుల్లకు బిగించి ఉంటాయి, కదలవు. మధ్యలో తీగచుట్టలు మోసే ఆర్మేచర్ తిరుగుతుంది, కరెంటు ఆ ఆర్మేచర్‌లోనే పుడుతుంది. ఆల్టర్నేటర్‌లో ఇది తలకిందులు. ఫీల్డు కాయిల్ రోటర్‌లో కూర్చుని తిరుగుతుంది, కరెంటు చుట్టూ కదలకుండా ఉన్న స్టేటర్‌లో పుడుతుంది.

ఇంతేనా అని పెదవి విరుస్తారు. కానీ తరువాతి ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇందులోనే ఉంది. జనరేటర్‌లో పుట్టిన కరెంటంతా తిరుగుతున్న భాగం నుంచి బయటికి రావాలి. 35 ఆంపియర్లు కావాలంటే ఆ 35 ఆంపియర్లూ కమ్యుటేటర్ (ఆర్మేచర్ చివర ఉండే రాగి ముక్కల వలయం) మీద రాసుకునే కార్బన్ బ్రష్‌ల గుండానే నడవాలి. అక్కడ నిప్పురవ్వలు లేస్తాయి, వేడి పుడుతుంది, బ్రష్ అరుగుతుంది, ఆ బొగ్గుపొడి లోపలే పేరుకుంటుంది. ఆల్టర్నేటర్‌లోనూ బ్రష్‌లుంటాయి, కానీ అవి మోసేది రోటర్ ఫీల్డుకు కావలసిన రెండు మూడు ఆంపియర్లే. అవి ఆనేది ముక్కలుగా కోసిన కమ్యుటేటర్ మీద కాదు, నున్నటి స్లిప్ రింగుల మీద. పెద్ద కరెంటు మాత్రం కదలని స్టేటర్ నుంచి, గట్టిగా బిగించిన తీగల్లో నేరుగా బయటికి వస్తుంది.

జనరేటర్ డీసీ ఇస్తుంది, ఆల్టర్నేటర్ ఏసీ ఇస్తుంది అని రాస్తే సరిపోదా?

మార్కులు వస్తాయి, విషయం మాత్రం సగమే తెలుస్తుంది. రెండింటి లోపలా పుట్టేది ఏసీయే. తిరిగే తీగ ఒకసారి ఉత్తర ధ్రువం ముందు నుంచి, మరోసారి దక్షిణ ధ్రువం ముందు నుంచి వెళుతుంది కాబట్టి కరెంటు దిశ మారక తప్పదు. జనరేటర్‌లో ఆ దిశను సరిచేసే పని కమ్యుటేటర్‌ది. దిశ మారే క్షణంలోనే బ్రష్ కింద రాగి ముక్క మారిపోతుంది. ఆల్టర్నేటర్‌లో మూడు ఫేజుల ఏసీని ఆరు సిలికాన్ డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఆ డయోడ్లు ఆల్టర్నేటర్ గుల్లలోనే ఉంటాయి. అందువల్ల విమానం బస్‌బార్‌కు (పరికరాలన్నింటికీ కరెంటు పంచే లోహపు పట్టీకి) రెండింటి నుంచీ అందేది డీసీయే.

ఇంత మేలైనదైతే మొదటి నుంచీ ఆల్టర్నేటరే ఎందుకు పెట్టలేదు?

డయోడ్లు లేక. మూడు ఫేజుల యంత్రం ఇంజనీర్లకు పందొమ్మిదో శతాబ్దం నుంచే తెలుసు. ఇంజిన్ గూటిలో వేడిని తట్టుకుని, అరచేతిలో పట్టేంత చిన్నదై, అందుబాటు ధరలో దొరికే సిలికాన్ డయోడ్ రావడానికి 1950ల చివరి దాకా పట్టింది. 1960లో అమెరికాలో క్రైస్లర్ వాలియంట్ కారుతో పాటే ఆల్టర్నేటర్ వచ్చింది. 1960ల మధ్యకల్లా చిన్న విమానాల తయారీదారులు కూడా అటు మళ్లారు. అందుకే పాత సెస్నా 150ల్లో, కాంటినెంటల్ సి-85, ఓ-200 వంటి ఇంజిన్ల మీద 20 లేదా 35 ఆంపియర్ల డెల్కో-రెమీ జనరేటర్లు కనిపిస్తాయి. 1978లో వచ్చిన సెస్నా 152లో 28 వోల్టులు, 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉంది.

అంతకు ముందు తరం పైపర్ జె-3 కబ్‌లలో చాలావాటికి విద్యుత్ వ్యవస్థే లేదు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి ఇంజిన్ లేపేవారు.

సైకిల్ డైనమో వీటిలో ఏ కోవలోకి వస్తుంది?

ఆల్టర్నేటర్ కోవలోకి. టైరుకు ఆనుకుని తిరిగేది లోపలి శాశ్వత అయస్కాంతం, తీగచుట్ట కదలదు. వచ్చేది ఏసీ. బల్బుకు ఏసీ అయినా డీసీ అయినా ఒకటే కాబట్టి డయోడు పెట్టలేదు.

నేల మీద ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు జనరేటర్ ఉన్న విమానంలో ఆమీటర్ (కరెంటు కొలిచే మీటర్) డిశ్చార్జ్ చూపిస్తుంది. పాడైనట్టా?

కాదు, దాని స్వభావమే అంత. పుట్టే వోల్టేజ్ తిరిగే వేగం మీదా, ఫీల్డు బలం మీదా ఆధారపడుతుంది. వెయ్యి ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ట్యాక్సీ చేస్తుంటే, అంటే విమానాన్ని నేల మీద నడుపుతుంటే, జనరేటర్ వోల్టేజ్ బ్యాటరీ వోల్టేజ్‌ను దాటకపోవచ్చు. అప్పుడు రేడియో, లైట్లు అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి.

అయితే ఇంజిన్ వైపు పెద్ద కప్పీ వేసి జనరేటర్‌ను ఇంకా వేగంగా తిప్పకూడదా అని ఒక అనంతపురం అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. ఆర్మేచర్ మీద లావుపాటి రాగి చుట్లు గాడుల్లో కూర్చుని ఉంటాయి. వేగం మితిమీరితే అవి గాడుల నుంచి బయటికి విసిరినట్టు లేచిపోతాయి, కమ్యుటేటర్ ముక్కలు కూడా వదులవుతాయి. నెమ్మదిగా తిరిగినప్పుడు కరెంటు చాలేలా కప్పీ పెడితే పూర్తి శక్తితో టేకాఫ్ చేసేటప్పుడు ఆర్మేచర్ నిలవదు. ఆల్టర్నేటర్ రోటర్‌లో ఉన్నది ఒకే ఒక బిగుతైన చుట్ట, దాన్ని రెండు వైపులా ఇనుప గోళ్లు పట్టి ఉంచుతాయి. నిమిషానికి పదివేల చుట్లు తిరిగినా దానికేమీ కాదు. కాబట్టి బెల్టుతో నడిచే లైకమింగ్ ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ను ఇంజిన్ కంటే సుమారు మూడు రెట్ల వేగంతో తిప్పుతారు. ఇంజిన్ 800 దగ్గర ఉన్నా ఆల్టర్నేటర్ రెండువేలు దాటి తిరుగుతుంటుంది.

అయినా ఆల్టర్నేటర్‌ను మరీ నమ్ముకోవద్దు. ఏటీఆర్ (ప్రయాణికులను తెచ్చే రెండు ప్రొపెల్లర్ల విమానం) దిగే వరకు హోల్డింగ్ పాయింట్ దగ్గర, అంటే రన్‌వే ఎక్కే ముందు ఆగే చోట, ఆగి, ల్యాండింగ్ లైటు, పిటో హీటర్ (వేగం కొలిచే గొట్టాన్ని వేడిగా ఉంచేది), రెండు రేడియోలూ వేసి, ఇంజిన్‌ను బాగా తగ్గించి కూర్చుంటే లో-వోల్టేజ్ దీపం మిణుకుమంటుంది. ఆర్‌పీఎం కొంచెం పెంచగానే ఆరిపోతే దిగులు అక్కర్లేదు.

జనరేటర్ రెగ్యులేటర్ పెట్టెలో మూడు కాయిళ్లు, ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌లో ఒకే పని. ఎందుకు?

మూడింటిలో మొదటిది వోల్టేజ్‌ను అదుపులో పెట్టేది. అది రెండింటికీ కావాలి.

రెండోది రివర్స్ కరెంట్ కటౌట్. ఇంజిన్ నెమ్మదించి జనరేటర్ వోల్టేజ్ పడిపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి జనరేటర్‌లోకి ప్రవహించి దాన్ని మోటారులా తిప్పడానికి చూస్తుంది. తిప్పలేక చుట్లు కాలిపోతాయి, బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలా జరగకుండా కటౌట్ ఆ దారిని తెంచుతుంది. దాని పాయింట్లు అతుక్కుపోతే ఇంజిన్ ఆపిన తరువాత ఆమీటర్ ముల్లు డిశ్చార్జ్ వైపు చివరి దాకా వెళ్లి నిలుస్తుంది. విద్యుత్ వ్యవస్థ మొత్తానికీ ఉండే మాస్టర్ స్విచ్ వెంటనే ఆపేయాలి. ఆల్టర్నేటర్‌కు ఈ బెడద లేదు, డయోడ్లు కరెంటును వెనక్కి పోనివ్వవు.

మూడోది కరెంట్ లిమిటర్. జనరేటర్‌ను ఎంత అడిగితే అంత ఇవ్వబోయి తనను తానే కాల్చుకుంటుంది, అందుకే కళ్లెం. ఆల్టర్నేటర్ స్టేటర్ చుట్లలో కరెంటు పెరిగేకొద్దీ వాటి స్వంత నిరోధం, రియాక్టెన్స్ (ఏసీకి చుట్ట పెట్టే అడ్డు) దాన్ని ఒక హద్దు దగ్గర ఆపుతాయి. 60 ఆంపియర్ల యంత్రం 60కి కాస్త అటుఇటుగా ఆగిపోతుంది.

ఒక హెచ్చరిక. జనరేటర్లలో ఫీల్డును లోపలే ఎర్త్ చేసినవి ఉన్నాయి, రెగ్యులేటర్ ద్వారా ఎర్త్ చేసేవి ఉన్నాయి. ఒక రకానికి ఇంకో రకం రెగ్యులేటర్ పెడితే పని చేయదు, కాలిపోతుంది కూడా. పెట్టెలు చూడటానికి ఒకేలా ఉంటాయి, పార్ట్ నంబర్ చూసే బిగించాలి.

బ్యాటరీ పూర్తిగా డౌన్ అయింది. చేత్తో ప్రొపెల్లర్ తిప్పి ఇంజిన్ లేపితే ఛార్జ్ అవుతుంది కదా?

ఇక్కడే రెండింటి తేడా ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి వివరంగా చెబుతాను.

జనరేటర్ ఫీల్డు కాయిళ్లు ఇనుప ధ్రువాల మీద చుట్టి ఉంటాయి. కరెంటు ఆగినా ఆ ఇనుములో కొంచెం అయస్కాంతత్వం మిగులుతుంది. ఆర్మేచర్ తిరిగినప్పుడు ఆ కొద్దిపాటి అయస్కాంతత్వమే కొద్ది వోల్టేజ్ పుట్టిస్తుంది, అది ఫీల్డులోకి వెళ్లి దాన్ని బలపరుస్తుంది, వోల్టేజ్ ఇంకా పెరుగుతుంది. అలా తనంతట తానే లేస్తుంది. బ్యాటరీ సున్నాకు చేరినా జనరేటర్ కరెంటు ఇవ్వగలదు. చాలాకాలం వాడకుండా పడి ఉంటే, లేదా విప్పి రిపేరు చేస్తే ఆ మిగులు అయస్కాంతత్వం పోవచ్చు, తిరగబడనూ వచ్చు. అప్పుడు బ్యాటరీ నుంచి క్షణకాలం ఫీల్డుకు కరెంటు తాకించి మళ్లీ నిలబెట్టాలి. దీన్నే ఫీల్డ్ ఫ్లాషింగ్ అంటారు. తీగ ఎక్కడ తాకించాలన్నది పైన చెప్పిన రెండు ఎర్త్ రకాలకూ వేర్వేరు. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే రెగ్యులేటర్ పాయింట్లు మాడిపోతాయి.

ఆల్టర్నేటర్ రోటర్‌లో మిగిలే అయస్కాంతత్వం చాలా తక్కువ. పైగా తొలి వోల్టేజ్ డయోడ్లను దాటి రావాలి. కాబట్టి ఫీల్డుకు మొదటి కరెంటు బ్యాటరీయే ఇవ్వాలి. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఇంజిన్ ఎంత చక్కగా తిరుగుతున్నా ఆల్టర్నేటర్ ఊరికే తిరుగుతుందంతే. చేత్తో తిప్పి లేపారు, మాగ్నెటో (బ్యాటరీ లేకుండానే ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చేది) వల్ల ఇంజిన్ నడిచింది, కాసేపట్లో ఛార్జ్ అవుతుందిలే అని ఎగిరితే ఆ కాసేపు ఎప్పటికీ రాదు.

బయటి నుంచి పవర్ ఇచ్చి స్టార్ట్ చేసినా మరో చిక్కు ఉంది. బ్యాటరీని బస్‌బార్‌కు కలిపే మాస్టర్ కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు సాధారణంగా ఆ బ్యాటరీ నుంచే రావాలి. బ్యాటరీ మరీ ఖాళీ అయితే కాంటాక్టర్ మూసుకోదు, అంటే ఛార్జింగ్ కరెంటు బ్యాటరీని చేరనే చేరదు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని బయటికి తీసి ఛార్జ్ చేయాలి, నిలుస్తుందో లేదో పరీక్షించాలి, తరువాతే బిగించాలి. ఇందులో నాకు రాజీ లేదు. దారిలో ఆగిన లారీని నలుగురు కలిసి నెట్టి లేపడం మన ఊళ్లలో మామూలే, అది ఆగితే రోడ్డు పక్కన నిలుస్తుంది. విమానానికి ఆ వెసులుబాటు లేదు.

ఎగురుతుండగా ఆల్టర్నేటర్ పాడైతే ఇంజిన్ ఆగిపోతుందా?

లైకమింగ్, కాంటినెంటల్ వంటి సంప్రదాయ ఇంజిన్లలో ఆగదు. వాటి స్పార్క్ ప్లగ్గులకు కరెంటు రెండు మాగ్నెటోల నుంచి వస్తుంది. మాగ్నెటో లోపల స్వంత అయస్కాంతం ఉంటుంది, బ్యాటరీతో దానికి సంబంధం లేదు. మాస్టర్ స్విచ్ ఆపేసినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది.

కొత్త ఇంజిన్ల సంగతి వేరు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన హంస-3లో రోటాక్స్ 914 ఇంజిన్ ఉంది. దాని ఇంధన పంపులు విద్యుత్తుతో నడిచేవే. 2021లో తొలిసారి ఎగిరిన హంస-ఎన్‌జీలో రోటాక్స్ 912 ఐఎస్‌సీ ఉంది. అందులో ఇంధనాన్ని చిమ్మేదీ, నిప్పు రవ్వను సమయానికి పుట్టించేదీ కంప్యూటరే. కరెంటు లేకపోతే ఇంజిన్ లేదు. అందుకే ఆ ఇంజిన్‌లోనే రెండు జనరేటర్లు పెట్టారు. ఒకటి పోతే రెండోది ఇంజిన్ అవసరాలకు మళ్లుతుంది, విమానంలోని మిగతా పరికరాలకు బ్యాటరీయే దిక్కు.

2007 మార్చిలో జర్మనీలో ఒక డైమండ్ డీఏ42 విమానానికి జరిగింది కొత్తతరం ఇంజిన్లు నడిపేవారు మరవకూడదు. అందులో రెండు డీజిల్ ఇంజిన్లు, రెండింటినీ కంప్యూటర్లే నడుపుతాయి. బ్యాటరీ ఖాళీగా ఉంటే బయటి పవర్‌తో ఇంజిన్ లేపి టేకాఫ్ అయ్యారు. చక్రాలు ముడిచే మోటారు ఒక్కసారిగా కరెంటు లాగడంతో వోల్టేజ్ పడిపోయింది, కంప్యూటర్లు రీసెట్ అయ్యాయి, రెండు ఇంజిన్లూ ఆగాయి. ఆల్టర్నేటర్లు రెండూ బాగానే ఉన్నాయి. ఆ ఒక్క క్షణపు లోటును పూడ్చాల్సిన బ్యాటరీలోనే ఏమీ లేదు.

రోటాక్స్ లోపల ఉన్నది జనరేటరా, ఆల్టర్నేటరా?

పుస్తకాల్లో జనరేటర్ అని రాస్తారు, పనిలో అది ఆల్టర్నేటర్. ఫ్లైవీల్‌లో శాశ్వత అయస్కాంతాలు తిరుగుతాయి, లోపల కాయిళ్లు కదలవు, ఏసీ వస్తుంది. ఫీల్డు కాయిల్ లేదు కాబట్టి ఫీల్డును తగ్గించి వోల్టేజ్‌ను అదుపు చేసే దారి లేదు, బయటికి వచ్చిన కరెంటునే విడి రెక్టిఫయర్-రెగ్యులేటర్ కోసి సరిచేస్తుంది. మామూలు రోటాక్స్ 912లో దీని శక్తి సుమారు 250 వాట్లే. లైట్లు, రేడియోలు చేర్చేముందు లెక్క వేసుకోవాలి.

సెస్నాలో ఆమీటర్ ముల్లు మధ్యలో ఉంటుంది, పైపర్‌లో ఎడమ చివర నుంచి కదులుతుంది. ఏది సరి?

రెండూ సరే, చెప్పేవి వేరు. సెస్నా 152, పాత 172ల్లోని మీటర్ బ్యాటరీలోకి కరెంటు వెళుతోందా, బ్యాటరీ నుంచి వస్తోందా అని చూపిస్తుంది. స్టార్ట్ అయిన వెంటనే ఛార్జ్ వైపు బాగా జరిగి, కాసేపటికి దాదాపు మధ్యకు చేరితే అంతా బాగున్నట్టే. చెరోకీలో ఉన్నది లోడ్ మీటర్, ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లు ఇస్తోందో చెబుతుంది. అందులో సున్నా కనిపిస్తే ఆల్టర్నేటర్ పోయినట్టు. ఒక విమానం నుంచి ఇంకో దానికి మారిన విద్యార్థి సున్నాను చూసి 'అంతా బాగుంది' అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

కర్నూలు నుంచి కడపకు వస్తుండగా దారిలో లో-వోల్టేజ్ దీపం వెలిగింది. ఏం చేయాలి?

కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి కడప రన్‌వేకు గీత గీస్తే సుమారు 150 కిలోమీటర్లు. 100 నాట్ల వేగంతో ముప్పావు గంట పైమాట. కోయిలకుంట్ల దాటాక దీపం వెలిగిందనుకుందాం.

మొదట విమానాన్ని నడపండి. ఇంజిన్ ఆగదు కాబట్టి తొందర లేదు. ఆమీటర్ చూసి నిజంగానే డిశ్చార్జ్ అవుతోందో లేదో ఖాయం చేసుకోండి. చాలాసార్లు జరిగేదేమిటంటే, వోల్టేజ్ క్షణకాలం పెరగడంతో ఓవర్-వోల్టేజ్ రక్షణ ఆల్టర్నేటర్‌ను పక్కన పెట్టేస్తుంది. 28 వోల్టుల వ్యవస్థలో ఇది 31, 32 వోల్టుల దగ్గర పని చేస్తుంది. రేడియోలు ఆపండి, ఆల్టర్నేటర్ ఫీల్డ్ బ్రేకర్ లోపలికి ఉందో లేదో చూడండి, మాస్టర్ స్విచ్‌లో ఆల్టర్నేటర్ సగాన్ని ఆపి మళ్లీ వేయండి. దీపం ఆరితే సరే. మళ్లీ వెలిగితే ఆ సగాన్ని ఆపేసి వదిలేయండి, దాన్ని పదే పదే కెలకవద్దు.

ఇక మిగిలింది బ్యాటరీ. కొత్త ప్రమాణాల కింద ధ్రువీకరించిన విమానాల్లో అత్యవసర పరికరాలను కనీసం 30 నిమిషాలు బ్యాటరీ నడపాలి. పాత విమానాలకు ఆ హామీ లేదు. 24 ఆంపియర్-గంటల బ్యాటరీ మీద 20 ఆంపియర్ల లోడు పెడితే గంటా పన్నెండు నిమిషాలని కాగితం మీద లెక్క వస్తుంది. పాతబడిన బ్యాటరీ, ఎండల్లో ఉడికిన బ్యాటరీ అందులో సగం ఇచ్చినా గొప్పే. కాబట్టి ముందు పెద్దవి ఆపండి: పిటో హీటర్, ల్యాండింగ్ లైటు, రెండో రేడియో. ఒక రేడియో ఉంచి సంగతి టవర్‌కు చెప్పండి. రేడియో ఆగిపోతే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు జవాబిచ్చే పరికరంలో) 7600 పెట్టడం మీకు తెలుసు, అది పని చేస్తుండగానే పెట్టాలి. పగటిపూట ఆకాశం తేటగా ఉంటే కడపకే రావచ్చు. రాత్రి అయినా, మబ్బు పట్టినా, దగ్గరలో ఏ రన్‌వే ఉంటే దానికే పోవాలి.

ఫ్లాపుల (దిగేటప్పుడు రెక్కల వెనుక అంచున దించే పలకల) గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. చాలా సెస్నాల్లో అవి కరెంటుతో నడుస్తాయి. పూర్తిగా దించాక బ్యాటరీ అయిపోతే మళ్లీ పైకి రావు. గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) అవసరమైతే ఆ ఫ్లాపులతో ఎక్కడం కష్టం. ఫ్లాపులు లేకుండా, కొంచెం ఎక్కువ వేగంతో దిగే సాధన ముందే చేసి ఉండాలి.

మాస్టర్ స్విచ్ రెండు ముక్కలుగా ఎందుకుంది?

ఇప్పుడు చెప్పినట్టు బ్యాటరీని ఉంచి ఆల్టర్నేటర్‌ను మాత్రమే ఆపడానికి. బ్యాటరీ ఒక్కదాన్నే వేయవచ్చు, ఆల్టర్నేటర్ ఒక్కదాన్నే వేయడం కుదరదు. నడుస్తున్న ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీని తెంచితే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగసి రేడియోలను కాల్చగలదు.

మే నెల ఎండ ఏ యంత్రానికి ఎక్కువ కీడు చేస్తుంది?

రెండింటికీ చేస్తుంది, ఆల్టర్నేటర్‌లో ముందు పోయేవి డయోడ్లు. నలభై దాటిన ఎండలో, వెనక నుంచి గాలి వీస్తుండగా నేల మీద ఎక్కువసేపు ఇంజిన్ నడిపితే ఇంజిన్ గూట్లో వేడి చేరుతుంది. చాలా విమానాల్లో ఆల్టర్నేటర్ మీదికి చల్లగాలి తెచ్చే గొట్టం ఉంటుంది. అది ఊడిపోయి వేలాడుతుంటే ఎవరి కంటా పడదు. ఎగిరే ముందు పరిశీలనలో చూడగలిగితే చూడండి. ఒక డయోడ్ పోయినా ఆల్టర్నేటర్ కుంటుతూ పని చేస్తుంది. పగలు తేడా తెలియదు, రాత్రి లైట్లన్నీ వేసినప్పుడు చాలదు. నీడలో నిలిపే వీలుంటే విమానాన్ని ఎండలో వదలకండి, బ్యాటరీకి కూడా అదే మేలు.

హెడ్‌సెట్‌లో సన్నని కూత వినిపిస్తోంది. ఏమిటది?

ఇంజిన్ వేగంతో పాటు కూత పెరిగి తగ్గుతుంటే ఆల్టర్నేటర్‌ది. ఒక్క క్షణం ఆల్టర్నేటర్ స్విచ్ ఆపితే కూత ఆగుతుంది, అనుమానం తీరుతుంది. డయోడు చెడినా, ఎర్త్ తీగ వదులైనా, ఫిల్టర్ పోయినా ఇలా వస్తుంది. జనరేటర్ అయితే కూతకు బదులు చిటపటలు వినిపిస్తాయి, అవి బ్రష్‌ల నిప్పురవ్వలవి.

కడపకు వచ్చే ఏటీఆర్ విమానంలో ఏది ఉంటుంది?

రెండూ. ఇది తెలిసినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపోతారు, పాతదైపోయిందని చెప్పిన జనరేటర్ పెద్ద విమానంలో ఎలా ఉందని.

ఏటీఆర్-72 రెండు ఇంజిన్లకూ చెరొక 28 వోల్టుల డీసీ స్టార్టర్-జనరేటర్ ఉంది, ఒక్కొక్కటి 400 ఆంపియర్లు ఇస్తుంది. దాంతో పాటు ప్రొపెల్లర్ గేర్‌బాక్స్ మీద ఏసీ జనరేటర్లున్నాయి. ప్రొపెల్లర్ వేగంతో వాటి ఫ్రీక్వెన్సీ మారుతుంటుంది కాబట్టి మంచు కరిగించే హీటర్ల వంటి పట్టింపు లేని పనులకు వాటిని వాడతారు.

డీసీ జనరేటర్ బతికి ఉండటానికి కారణం, దానికి కరెంటు ఇస్తే అదే మోటారు అవుతుంది. కటౌట్ పాయింట్లు అతుక్కుంటే జనరేటర్ మోటారులా తిరగబోతుందని చెప్పాను కదా, చిన్న విమానంలో చేటు చేసిన ఆ గుణమే టర్బైన్ ఇంజిన్‌కు వరమైంది. టర్బైన్‌ను లేపడానికి బలమైన స్టార్టర్ కావాలి, లేచాక అది దండగ బరువు. ఒకే యంత్రం మొదట ఇంజిన్‌ను తిప్పి, ఆ తరువాత అదే ఇంజిన్ తిప్పగా కరెంటు ఇస్తే ఒక యంత్రం బరువు మిగులుతుంది. సెస్నా కారవాన్‌లోనూ 200 ఆంపియర్ల స్టార్టర్-జనరేటర్ ఉంది, అది చెడితే ఆదుకోవడానికి పక్కన బెల్టుతో తిరిగే స్టాండ్‌బై ఆల్టర్నేటర్ ఉంది. బ్రష్‌ల బెడద మాత్రం అలాగే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకు వెళ్లినప్పుడు, అక్కడి గాలిలో తేమ లేక మామూలు కార్బన్ బ్రష్‌లు చూస్తుండగానే పొడి అయిపోయేవి. ఎత్తుల కోసం వేరే మందు కలిపిన బ్రష్‌లు తయారు చేయాల్సి వచ్చింది.

పాత విమానంలో జనరేటర్ తీసి ఆల్టర్నేటర్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కాని అది ఆమోదం కావలసిన మార్పు. ఆ విమానానికీ ఆ ఇంజిన్‌కూ ఆమోదించిన కిట్ ఉండాలి, లైసెన్సు ఉన్న ఇంజనీర్ బిగించి సంతకం చేయాలి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం కాగితాలు పూర్తి కావాలి. రెగ్యులేటర్, ఓవర్-వోల్టేజ్ రక్షణ, స్విచ్, తీగల మందం అన్నీ మారతాయి. కొన్ని కిలోల బరువు తగ్గుతుంది, అదీ ముక్కు భాగంలో, కాబట్టి బరువు-సమతుల్యత లెక్క మళ్లీ రాయాలి. పగలు మాత్రమే, ఒక రేడియోతో ఎగిరేవారికి బాగున్న జనరేటర్‌ను తీయమని నేను చెప్పను. 35 ఆంపియర్లలో నిరంతర లోడు ఎనభై శాతం, అంటే 28 దాటకుండా చూసుకుంటే అది చక్కగా పని చేస్తుంది. రాత్రి ఎగరాలన్నా, కొత్త తెరల పరికరాలు పెట్టాలన్నా మార్పిడి దండగ కాదు.

సార్, మా ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్ ఏ డైనమో అయినా గంటలో బాగు చేస్తాడు. విమానానిది చేయలేడా?

చేయి తిరిగిన మనిషే, అందులో సందేహం లేదు. పాత అంబాసిడర్, జీపుల డైనమోలకు బ్రష్‌లు మార్చి, కమ్యుటేటర్‌ను లేతు మీద నున్నగా తీసి, ఆర్మేచర్ రివైండింగ్ చేసిన తరం వారు కర్నూలు, అనంతపురంలో ఇంకా ఉన్నారు. యంత్రం లోపలి సూత్రం వారికి నాకంటే బాగా తెలుసు.

అయినా విమానానికి కుదరదు. కారు ఆల్టర్నేటర్, విమానం ఆల్టర్నేటర్ చూడటానికి ఒకేలా ఉంటాయి. లోపలి రెగ్యులేటర్ విషయంలో, ఫ్యాన్ తిరిగే దిశలో, బేరింగుల్లో తేడాలుంటాయి. గేరుతో నడిచే కాంటినెంటల్ ఇంజిన్లలో ఆల్టర్నేటర్ వెనుక ఒక కప్లింగ్ ఉంటుంది. అది జారి చిట్లితే ముక్కలు నేరుగా ఇంజిన్ ఆయిల్‌లో పడతాయి. ఆల్టర్నేటర్ రిపేరు కాస్తా ఇంజిన్ విప్పే పనిగా మారుతుంది. బెల్టుతో నడిచే లైకమింగ్‌లో బెల్టు ప్రొపెల్లర్ వెనుక ఉంటుంది, ఒక్క బెల్టు మార్చాలన్నా ప్రొపెల్లర్ విప్పక తప్పదు. ప్రొపెల్లర్ బోల్టులను ఎంత బిగింపుతో బిగించాలో పుస్తకం చూసి, టార్క్ రెంచితో బిగించి, లాగ్‌బుక్‌లో రాయాలి.

ఆల్టర్నేటర్ బ్రష్‌లను సుమారు 500 గంటలకు ఒకసారి విప్పి చూడమని తయారీదారులు చెబుతారు. ఆ తనిఖీ కూడా లైసెన్సు ఉన్నవారి సంతకంతోనే జరగాలి. మీ ఎలక్ట్రీషియన్ మామ దగ్గర పాడైన కారు ఆల్టర్నేటర్ ఒకటి అడిగి తెచ్చుకోండి. విప్పి రోటర్, స్లిప్ రింగులు, మూడు జతల డయోడ్లు చేత్తో పట్టుకుని చూడండి, మల్టీమీటర్‌తో ఒక్కో డయోడును రెండు వైపులా కొలవండి. పాత డైనమో కూడా దొరికితే దాన్ని పక్కన పెట్టుకుని విప్పండి. ఆ మధ్యాహ్నం తరువాత విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్ లైసెన్సు పరీక్షల మూడో మాడ్యూల్‌లోని (విద్యుత్ పాఠాల భాగంలోని) డీసీ, ఏసీ జనరేటర్ల అధ్యాయాలు మళ్లీ చదివితే బొమ్మలు వాటంతట అవే అర్థమవుతాయి.